తలుపు తట్టిన మిత్రుడు

త్రాగుడు నుండి తేరుకొన్న ఒక స్నేహితుడు, ఇంకా త్రాగుతూనే ఉన్న మరొక స్నేహితుని వెతుక్కుంటూ వచ్చాడు. వంటయింటి బల్ల దగ్గర ఆ ఇద్దరూ మాట్లాడుకొన్న మాటలు లక్షలాది కుటుంబాలలో దీపం వెలిగించాయి.

1934వ సంవత్సరం, నవంబరు నెల చివరి రోజులు. న్యూయార్కు నగరంలో బ్రూక్లిన్ ప్రాంతం, క్లింటన్ వీధి, 182వ నంబరు ఇల్లు. వంటయింట్లో బల్ల ముందు ఒక వ్యక్తి ఒంటరిగా కూర్చొని త్రాగుతున్నాడు. అతని పేరు బిల్ విల్సన్. వయస్సు 39 సంవత్సరాలు. ఒకప్పుడు వాల్ స్ట్రీట్‌లో ఏ కంపెనీ షేరు పెరుగుతుందో ముందుగా పసిగట్టగల దిట్ట అని పేరు తెచ్చుకొన్నవాడు. ఇప్పుడు ఉద్యోగం లేదు, పరపతి లేదు, ఇచ్చిన మాట మీద ఒక్కరోజు నిలబడే శక్తి లేదు. తలదాచుకొన్న ఇల్లు మామగారిది. భార్య లోయిస్ ఒక పెద్ద దుకాణంలో పని చేసి తెచ్చే జీతంతోనే పూట గడుస్తున్నది.

అంతలో టెలిఫోను మ్రోగింది. చిన్ననాటి మిత్రుడు ఎబ్బీ థాచర్ నగరంలోనే ఉన్నాడట, చూడటానికి వస్తాడట. బిల్‌కు ప్రాణం లేచివచ్చింది. త్రాగుడులో తనకు సరిజోడు ఎవరైనా ఉన్నారంటే అది ఎబ్బీయే. ఇక ఈ సాయంత్రం పాత రోజులు తిరిగి వచ్చినట్లే అనుకొన్నాడు.

కాని తలుపు తెరవగానే ఏదో తేడా కనిపించింది. ఎబ్బీ కళ్ళు తేటగా ఉన్నాయి. ముఖంలో ఎప్పుడూ లేని నిబ్బరం ఉంది. అనాసపండు రసం కలిపిన జిన్ను గ్లాసును బిల్ అతని ముందుకు జరిపాడు. ఎబ్బీ వద్దన్నాడు. ఏమయిందని నిలదీస్తే, తాను దేవుణ్ణి నమ్ముకొన్నానని చిరునవ్వుతో చెప్పాడు.

బిల్ నిర్ఘాంతపోయాడు. నిన్నటి త్రాగుబోతు నేడు మతం పిచ్చిలో పడ్డాడనుకొన్నాడు. అయినా ఒక సంగతి కాదనలేకపోయాడు. ఎన్ని ఒట్లు పెట్టుకొన్నా, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరినా తాను చేయలేకపోయిన పనిని ఈ మనిషి చేసి చూపిస్తున్నాడు. అతని ముందు నిండు గ్లాసు ఉంది. అతడు దానిని ముట్టుకోవడం లేదు.

కలిసి త్రాగిన రోజులు

ఇద్దరి స్నేహమూ వెర్మాంట్ రాష్ట్రంలోని మాంచెస్టర్ అనే చిన్న ఊరిలో మొదలయింది. బిల్ ఆ ప్రాంతపువాడే. తల్లిదండ్రులు విడిపోగా అమ్మమ్మ, తాతల దగ్గర పెరిగాడు. ఎబ్బీ సంపన్నుల బిడ్డ. న్యూయార్కు రాష్ట్ర రాజధాని ఆల్బనీలో అతని కుటుంబానికి పెద్ద పేరు. తాత, పెదతండ్రి, సొంత అన్న - ముగ్గురూ ఆ నగరానికి మేయర్లుగా పని చేసినవారే. వేసవి వస్తే ఆ కుటుంబం మాంచెస్టర్‌కు వచ్చేది. ఆ విధంగా వారిద్దరికీ పరిచయం కలిగింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో ఉండగా బిల్ త్రాగుడు మరిగాడు. బిడియస్థుడైన ఆ యువకునికి నలుగురిలో కలవడానికి మద్యమే ధైర్యమిచ్చింది. ఎబ్బీకి డబ్బుకు కొదవ లేదు, పనికి తొందర లేదు. ఇద్దరూ కలిస్తే సీసాలు ఖాళీ కావలసిందే. 1929లో ఒకసారి ఆల్బనీలో రాత్రంతా త్రాగి, ఒక విమానాన్ని అద్దెకు మాట్లాడుకొని మాంచెస్టర్‌కు ఎగిరిపోయారు. ఆ ఊరి క్రొత్త విమానాశ్రయంలో దిగిన మొట్టమొదటి విమానం అదే. స్వాగతం చెప్పడానికి ఊరి పెద్దలు వచ్చి నిలబడితే, ఈ మిత్రులిద్దరూ మత్తులో విమానం దిగలేక నేలమీద కూలబడ్డారు.

నవ్వు పుట్టించే కథలే. కాని త్రాగుబోతు జీవితంలో నవ్వు పుట్టించే భాగం చాలా చిన్నది. అదే ఏడాది అక్టోబరులో షేర్ మార్కెట్టు కుప్పకూలింది. బిల్ సంపాదన ఆవిరయింది. ఎబ్బీ కుటుంబపు ఆస్తి కూడా కరిగిపోయింది. ఇద్దరికీ మిగిలినది త్రాగుడు ఒక్కటే.

న్యాయస్థానం మెట్ల మీద

1934 నాటికి ఎబ్బీ మాంచెస్టర్‌లోని వేసవి ఇంట్లో ఒంటరిగా పడి ఉన్నాడు. ఆ ఇంటికి రంగు వేయడం మొదలుపెట్టాడు. పావురాలు వచ్చి రంగు పాడు చేస్తున్నాయని కోపగించి, తుపాకి తీసికొని వాటిని కాల్చసాగాడు. ఇరుగుపొరుగువారు ఫిర్యాదు చేశారు. ఇటువంటి పనులు పలుమార్లు జరిగిన తరువాత న్యాయస్థానం అతనిని పిచ్చాసుపత్రికి పంపించబోయింది.

ఆ సమయంలో ముగ్గురు మిత్రులు అడ్డుపడ్డారు. వారిలో ఒకడు రోలండ్ హజార్డ్ అనే ధనిక వ్యాపారి. ఈయన కూడా ఒకప్పుడు త్రాగుడుకు బానిసే. స్విట్జర్లాండుకు వెళ్ళి, జగత్ప్రసిద్ధుడైన మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ దగ్గర చికిత్స పొందినా ఫలితం కలుగలేదు. చివరకు యూంగ్ ఒక కఠిన సత్యాన్ని దాపరికం లేకుండా చెప్పాడు. వైద్యశాస్త్రం చేయగలిగినది ఇంతే. జీవితాన్ని సమూలంగా మార్చివేసే ఆధ్యాత్మికానుభవం ఏదైనా కలిగితే తప్ప ఆశ లేదని ఆయన మాటల సారాంశం. రోలండ్ ఆ అనుభవాన్ని ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందంలో వెతుక్కొన్నాడు.

ఈ బృందాన్ని నడిపినవాడు ఫ్రాంక్ బుక్‌మన్ అనే అమెరికన్ పాదిరీ. నిజాయితీ, పవిత్రత, నిస్స్వార్థత, ప్రేమ అనే నాలుగింటిని ఈ బృందంవారు జీవితానికి కొలబద్దలుగా పెట్టుకొన్నారు. చేసిన తప్పులను మరొక మనిషి ఎదుట ఒప్పుకోవడం, కీడు చేసినవారి దగ్గరకు వెళ్ళి దిద్దుకోవడం, ప్రతి ఉదయం కొంతసేపు మౌనంగా కూర్చొని దైవచిత్తాన్ని కోరడం, తమ అనుభవాన్ని ఇతరులతో పంచుకోవడం వారి సాధన. ఈ బృందమే 1938లో మోరల్ రీ ఆర్మమెంట్ అనే పేరు ధరించింది. మహారాష్ట్రలోని పంచగనిలో ఆ ఉద్యమపు కేంద్రం మన దేశంలో చాలామందికి పరిచితమైనదే.

రోలండ్ హామీ మీద ఎబ్బీ విడుదలయ్యాడు. న్యూయార్కు చేరి, కాల్వరీ చర్చివారు దిక్కులేనివారి కోసం నడుపుతున్న మిషన్‌లో ఆశ్రయం పొందాడు. మేయర్ల ఇంట పుట్టినవాడు వీధుల పాలైనవారి నడుమ పడక వేసుకొన్నాడు. ఆ చర్చి పాదిరీ శామ్యూల్ షూమేకర్. అక్కడ ఎబ్బీ మోకరించి, తన జీవితాన్ని తాను నడుపుకోలేనని ఒప్పుకొని, దానిని దేవునికి అప్పగించాడు. క్రైస్తవులు మారుమనస్సు అనేది ఇదే. మారుమనస్సు పొందినవాడు ఊరుకోకూడదు, సాక్ష్యమివ్వాలి. ఎవరికి సాక్ష్యమివ్వాలా అని ఆలోచించినప్పుడు అతనికి బిల్ గుర్తుకు వచ్చాడు.

ఒక ప్రశ్న, ఒక వెలుగు

ఆ సాయంత్రం ఎబ్బీ ఉపన్యాసమివ్వలేదు. త్రాగడం తప్పని చెప్పలేదు. తనకు జరిగినది జరిగినట్లు చెప్పాడు. బిల్‌కు చర్చి అన్నా, పాదిరీలన్నా గిట్టదు. దేవుడనే మాట వినగానే అతని ముఖం మాడిపోయేది. అది గమనించిన ఎబ్బీ, దేవుణ్ణి గురించి నీకు నచ్చిన భావననే నీవు ఎందుకు స్వీకరించకూడదు అన్న అర్థంలో ఒక ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న బిల్ మనస్సులో ముల్లులాగా గుచ్చుకొంది.

కొన్ని రోజుల తరువాత బిల్ త్రాగిన మత్తులోనే కాల్వరీ మిషన్‌ను వెతుక్కుంటూ వెళ్ళాడు. డిసెంబరు 11న మాన్‌హట్టన్‌లోని టౌన్స్ ఆసుపత్రిలో చేరాడు. దారిలో త్రాగిన బీరే అతని జీవితంలో ఆఖరిది. ఆ ఆసుపత్రి డాక్టరు విలియం సిల్క్‌వర్త్ ఎందరో త్రాగుబోతులను చూసినవాడు. త్రాగుడు కేవలం నీతిలోపం కాదని, శరీరానికి సరిపడని పదార్థం కోసం మనస్సు అదుపు లేకుండా పరితపించే వ్యాధి అని ఆయన నమ్మకం. ఆ రోజులలో అటువంటి మాట చెప్పిన వైద్యులు అరుదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మద్య వ్యసనాన్ని వ్యాధిగా గుర్తించినది 1956లో.

ఎబ్బీ ఆసుపత్రికి కూడా వచ్చి మిత్రుణ్ణి పలకరించాడు. అతడు వెళ్ళిన తరువాత బిల్ గాఢమైన నిరాశలో మునిగిపోయి, దేవుడంటూ ఉంటే కనబడమని మొరపెట్టుకొన్నాడు. గది అంతా తెల్లని వెలుగుతో నిండినట్లు, కొండ శిఖరం మీద గాలి తనలోనుండి వీచినట్లు అనిపించిందని అతడు జీవితాంతం చెప్పుకొన్నాడు. తనకు మతి చలించిందేమోనని భయపడి డాక్టరును అడిగాడు. లేదు, నీకు దొరికినది ఏదైనా దానిని విడిచిపెట్టవద్దు అని సిల్క్‌వర్త్ ధైర్యం చెప్పాడు. ఆ ఆసుపత్రి చికిత్సలో బెల్లడోనా అనే మందు వాడేవారు. అది భ్రాంతులు కలిగించగలదు కనుక ఆ వెలుగు మందు ప్రభావమే అన్నవారూ ఉన్నారు. కారణమేదైనా కావచ్చు. బిల్ ఆ తరువాత జీవించిన 36 సంవత్సరాలలో ఒక్క చుక్క మద్యం ముట్టలేదు.

ఇంకొకరికి చెప్పినప్పుడే

విడుదలైన బిల్ కనబడిన ప్రతి త్రాగుబోతునూ మార్చబోయాడు. అయిదు నెలలపాటు శ్రమించినా ఒక్కడూ మానలేదు. తన వెలుగు సంగతి చెప్పి వారిని బెదరగొట్టవద్దని, ముందు వ్యాధి ఎంత ప్రమాదకరమైనదో చెప్పమని డాక్టరు సిల్క్‌వర్త్ సలహా ఇచ్చాడు.

1935 మే నెలలో బిల్ వ్యాపారం పనిమీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి వెళ్ళాడు. పని చెడింది. చేతిలో డబ్బు దాదాపు లేదు. శనివారం సాయంత్రం మేఫ్లవర్ హోటలు ముంగిటి హాలులో పచార్లు చేస్తున్నాడు. ఒకవైపు బారు, అందులోనుండి నవ్వులు, గ్లాసుల చప్పుడు. మరొకవైపు టెలిఫోను, దాని ప్రక్కన నగరంలోని చర్చిల పట్టిక. త్రాగాలన్న కోరిక ముంచుకు వచ్చింది. అప్పుడు అతనికి ఒక సంగతి తట్టింది. తాను మార్చబోయినవారెవరూ మారలేదు. కాని వారికి చెబుతున్నంత కాలమూ తాను త్రాగలేదు! తనను కాపాడినది ఆ ప్రయత్నమే. ఇప్పుడు తనకొక త్రాగుబోతు కావాలి.

పట్టికలోని ఒక పాదిరీకి ఫోను చేశాడు. ఆయన ఇచ్చిన పేర్లలో ఒకరి ద్వారా మరొకరికి ఫోను చేస్తూ చివరకు హెన్రియెట్టా సైబర్లింగ్ అనే మహిళను చేరుకొన్నాడు. ఆమె ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ సభ్యురాలు. డాక్టర్ బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు త్రాగుడు వలన సర్వనాశనమవుతుంటే అతని కోసం ప్రార్థిస్తున్న మనిషి. మరునాడు, మే 12, అమెరికావారు మాతృదినోత్సవం జరుపుకొనే ఆదివారం. డాక్టర్ బాబ్ పదిహేను నిమిషాలు మాత్రమే ఉంటానని వచ్చాడు. వచ్చినది సాయంత్రం అయిదు గంటలకు, లేచినది రాత్రి పదకొండు దాటిన తరువాత. తనకు బోధించడానికి కాక, తన సహాయం కోరి వచ్చిన మనిషిని అతడు అదే మొదటిసారి చూశాడు.

బాబ్ మరొక్కసారి తప్పటడుగు వేసి, 1935 జూన్ 10న చివరిసారిగా త్రాగాడు. ఆ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా అనామక మద్య వ్యసనపరుల సంఘం, తన పుట్టినరోజుగా లెక్కించుకొంటుంది. 1939లో అదే పేరుతో వెలువడిన గ్రంథంలో ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ సాధనలు పన్నెండు మెట్లుగా రూపు దిద్దుకొన్నాయి. దేవుణ్ణి ఎవరు ఎలా భావిస్తే అలాగే అన్న వెసులుబాటు ఆ మెట్లలో చేరింది. ఎబ్బీ వంటయింట్లో వేసిన ప్రశ్నే అది. క్రైస్తవ విశ్వాసం నుండి పుట్టిన ఈ మార్గంలో హిందువు, ముస్లిం, నాస్తికుడు సైతం నడవగలగడానికి ఆ ఒక్క వెసులుబాటే కారణం.

1939లోనే ఆక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అనే కాథలిక్ సన్యాసిని డాక్టర్ బాబ్‌తో కలిసి త్రాగుబోతులకు పడకలు ఇవ్వడం మొదలుపెట్టింది. కోలుకొని ఇంటికి వెళ్ళే ప్రతివారి చేతిలో క్రీస్తు పవిత్ర హృదయపు చిన్న బిళ్ళ పెట్టేది. మళ్ళీ త్రాగాలనిపిస్తే ముందు ఈ బిళ్ళను తిరిగి తెచ్చి ఇవ్వాలని షరతు. నేడు లోకమంతటా ఈ సంఘం సమావేశాలలో, త్రాగుడు మాని ఏడాది నిండినవారికి పతకమిచ్చి పుట్టినరోజు పండుగ చేస్తారు. భార్యాపిల్లలు కూడా వస్తారు. తల్లి కన్న రోజు వేరు, ఈ రోజు వేరు.

ఎబ్బీ పడిపోయాడు

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కాని సత్యం చెప్పక తప్పదు. లక్షలమందికి త్రోవ చూపిన ఆ గొలుసులో ముఖ్యమైన కడియం ఎబ్బీయే తెగిపోయాడు. రెండేళ్ళకు పైగా నిలబడి, 1937లో మళ్ళీ త్రాగాడు. ఆ తరువాత మూడు దశాబ్దాలకు దగ్గరగా అతని బ్రతుకు పడుతూ లేస్తూ గడిచింది. కొన్నాళ్ళు మానేవాడు, ఎవరిమీదనో అలిగి, దేనికో నొచ్చుకొని తిరిగి మొదలుపెట్టేవాడు. 1950లలో టెక్సాసు మిత్రులు చేరదీస్తే అక్కడ కొన్నేళ్ళు చక్కగా ఉన్నాడు. మళ్ళీ జారాడు.

ఎవరైనా అడగవచ్చు: సాక్ష్యం చెప్పినవాడే పడిపోతే ఆ సాక్ష్యానికి విలువ ఏమిటి? ఆ విశ్వాసం బూటకమనవద్దా? బిల్ అలా అనుకోలేదు. 1934 నాటి సాయంత్రం ఎబ్బీ ముందున్న గ్లాసు నిజం. దానిని అతడు ముట్టుకోకపోవడం నిజం. ఆ మాట చెప్పినవాడు తరువాత తడబడినంత మాత్రాన విన్నవాడికి దక్కిన జీవితం అబద్ధమైపోదు. బిల్ పేరు లోకమంతా ప్రాకిన తరువాత కూడా, తనను ఈ త్రోవలోకి తెచ్చిన పెద్దదిక్కు ఎబ్బీయేనని సభలలో చెబుతూనే వచ్చాడు. అతడు త్రాగినప్పుడు ఆసుపత్రిలో చేర్పించాడు, ఇంట్లో పెట్టుకొన్నాడు, పోషణకు డబ్బు సమకూర్చాడు. ఒక్కసారి కూడా తలుపు మూయలేదు.

1964లో ఎబ్బీని న్యూయార్కు రాష్ట్రంలో బాల్‌స్టన్ స్పా అనే ఊరి దగ్గర త్రాగుబోతులను సాకే ఒక పల్లెటూరి ఆశ్రయానికి చేర్చారు. అప్పటికి ఆరోగ్యం పూర్తిగా చితికిపోయింది. అక్కడి వారి ఆదరణలో అతడు మద్యం ముట్టకుండా దాదాపు రెండేళ్ళు గడిపి, 1966 మార్చి 21న కన్నుమూశాడు. మత్తులో కాదు, తెలివిలోనే పోయాడు. బిల్ 1971 జనవరి 24న మరణించాడు. అది అతనికీ లోయిస్‌కూ పెండ్లి జరిగిన తేదీ. సరిగ్గా 53 సంవత్సరాల క్రితం ఆ రోజే వారు దంపతులయ్యారు. త్రాగుబోతుల కుటుంబాల కోసం 1951లో అల్-అనాన్ అనే సంఘాన్ని స్థాపించిన వారిలో ముఖ్యురాలు ఆ లోయిసే.

మన ఇండ్ల సంగతి

ఈ కథ అమెరికాది. కాని ఇందులోని ఇల్లు మనకు తెలియనిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన స్త్రీలు తెచ్చిన ఉద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారి తీసింది. 1997లో ఆ నిషేధం సడలింది. దుకాణం మూస్తే ఎంతో మేలే. అయితే మనిషి లోపలి దాహం చట్టంతో తీరదు. దానికి మరొక మనిషి కావాలి.

ఆల్కహాలిక్స్ అనానిమస్ మన దేశంలో 1957లో బొంబాయిలో మొదలయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనూ ఈ సమావేశాలు జరుగుతున్నాయి. చందా లేదు, పేరు చెప్పనక్కరలేదు. త్రాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. మద్రాసులో శాంతి రంగనాథన్ అనే మహిళ, భర్తను త్రాగుడుకు పోగొట్టుకొన్న దుఃఖం నుండి 1980లో వ్యసనపరుల చికిత్స కోసం ఒక సంస్థను ఆరంభించింది. నేడు ప్రపంచంలో సుమారు 180 దేశాలలో 20 లక్షలమంది ఈ సంఘంలో ఉన్నారని అంచనా. ఇది వట్టి నమ్మకమేనా అని శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించారు. అనేక పరిశోధనలను క్రోడీకరించి కాక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్ష ప్రకారం, మద్యాన్ని పూర్తిగా మానివేయించడంలో ఈ మార్గం ఇతర చికిత్సలకు తీసిపోదు. కొన్నింటికంటే మెరుగు కూడా.

ఒక హెచ్చరిక అవసరం. ఏళ్ళ తరబడి విపరీతంగా త్రాగినవారు హఠాత్తుగా మానివేస్తే మూర్ఛలు, మతిభ్రమణం కలిగి ప్రాణానికే ముప్పు రావచ్చు. ప్రార్థన చేయండి, ధైర్యం చెప్పండి, కాని డాక్టరును కూడా పిలవండి. బిల్ విల్సన్‌కు ఎబ్బీ ఎంత అవసరమయ్యాడో సిల్క్‌వర్త్ కూడా అంతే అవసరమయ్యాడు.

మీ స్నేహితులలో ఒకరు తేరుకొని ఉండవచ్చు. ఈసారి కలిసినప్పుడు ఆయన గ్లాసు వద్దంటే ఎగతాళి చేయకండి. మానివేసి ఎన్నాళ్ళయిందో అడగండి. ఆ లెక్క ఆయనకు రోజులతో సహా గుర్తుంటుంది. ఏడాది నిండితే మిఠాయి తీసుకొని వెళ్ళండి. మరొక స్నేహితుడు ఇంకా వంటయింట్లో ఒంటరిగా కూర్చొని ఉండవచ్చు. ఎబ్బీ చేసినది ఆలోచించి చూస్తే అంత పెద్ద పనేమీ కాదు. ఫోను చేశాడు. వెళ్ళి తలుపు తట్టాడు. ఎదురుగా కూర్చొని తన సంగతి చెప్పాడు. ఆ తరువాత తాను పడిపోయినప్పుడు, అతని కోసం అదే విధంగా వెళ్ళడానికి బిల్ మిగిలి ఉన్నాడు.